కేన్ ఆఫీసులో ఫర్మ్‌వేర్ మార్చిన రెండు రోజులు

నా ఉద్యోగంలో విజయం అంటే ఏమీ జరగకపోవడం. పని సరిగ్గా చేస్తే ఎవరికీ తెలియదు. చెడగొడితే మాత్రం రెండు మండలాలకు తెలుస్తుంది. ఇరవై నాలుగేళ్లకే ఇలాంటి ఉద్యోగం దొరికిందని మా ఇంట్లో పెద్దవాళ్లు వాడ మొత్తానికీ పేడాలు పంచారు. తిన్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి ఇదేం ఉద్యోగమని అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాణ్ని కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, బ్యాటరీల దుకాణం పైన ఒక గది మా ఆఫీసు. జిల్లాలో సర్వర్ అనే వస్తువు ఎక్కడుంటే అక్కడికి బస్సెక్కి వెళ్లి దాని బాగోగులు చూడడం నా పని. బోర్డు మీద 'సర్వీస్ టీమ్' అని ఉండేది. టీమ్ అంటే నేను, నా సంచి.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటని మా అమ్మ ఒకసారి అడిగింది.

"మిషన్ల చిన్న చిప్పు ఉంటదమ్మా. ఎట్ల నడవాలె, ఏం జెయ్యాలె అన్న బుద్ధి దాంట్ల రాసి ఉంటది. పాత బుద్ధి తీసి కొత్త బుద్ధి పెడుత."

"మీ బాపుకు పెట్టరాదురా," అంది బీడీ ఆకు కత్తిరిస్తూ.

నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు. కానీ భయపెట్టే ముక్క ఒకటి ఆమెకు చెప్పలేదు. పాత బుద్ధి చెరిపేశాక, కొత్తది పూర్తిగా రాసే లోపల కొన్ని నిమిషాలు ఉంటాయి. అప్పుడు ఆ మిషన్‌కు ఏ బుద్ధీ ఉండదు. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే ఇక జీవితాంతం అలాగే ఉండిపోతుంది. నా జీతమంతా ఆ కొన్ని నిమిషాలకే.

బోధన్ దాటాక ఒక చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. దాని కేన్ ఆఫీసులో, అంటే చెరుకు రైతుల లెక్కా జమా చూసే గదిలో, మా సర్వర్ ఒకటి ఉంది. చెరుకు ఆడించే క్రషింగ్ సీజన్ మొదలవడానికి వారం ముందు హైదరాబాద్ నుంచి మా పైవాళ్ల సర్క్యులర్ వచ్చింది. ఆ రకం సర్వర్లలో డిస్కుల్ని అదుపు చేసే కార్డుకు ఫర్మ్‌వేర్ వెంటనే మార్చాలట. సర్క్యులర్‌తో పాటు రెండు ఫ్లాపీలు, పదకొండు పేజీల సూచనలు. బోధన్ బస్సులో కూర్చుని ఆ పదకొండు పేజీలూ చదివాను. ఏడో పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఒక మాట ఉంది: కార్డులో మరీ పాత వెర్షన్ ఉంటే నేరుగా కొత్తది ఎక్కించకండి, ముందు మొదటి ఫ్లాపీ, తర్వాతే రెండోది. అంత ముఖ్యమైన మాటను అంత చిన్నగా ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

పక్క సీటాయన నా చేతిలో కాగితాలు చూసి, "ఏం పరీక్ష తమ్మీ?" అన్నాడు.

"తెల్వది. పోయినంక చెప్తరు."

కేన్ ఆఫీసులో పెద్ద గుమాస్తా ఉండేవాడు. రైతులు, కూలీలు, మేనేజర్లు అందరూ ఆయన్ని పెద్దసారు అనేవారు. సీజన్ అయ్యాక రిటైర్మెంట్. నన్ను చూడగానే కుర్చీ చూపించాడు గానీ, నా సంచిని మాత్రం లోపలికి రానివ్వాలా వద్దా అన్నట్టు చూశాడు.

"నడుస్తున్న దాన్ని ఎందుకు కెలుకుడు తమ్మీ?"

"నడుస్తలేదు సార్. నడుస్తున్నట్టు చేస్తున్నది."

విషయం చెప్పాను. ఆ సర్వర్‌లో ఐదు డిస్కులు. రైతుల వివరాలన్నీ వాటి మీద పరుచుకుని ఉంటాయి. ఒక డిస్కు పోయినా తక్కిన నాలుగూ కలిసి నెట్టుకొస్తాయి. ఒకేసారి రెండు పోతే మొత్తం పోయినట్టే. ఇక్కడ డిస్కులకు ఏ జబ్బూ లేదు. వాటి మీద పెత్తనం చేసే కార్డుకే జబ్బు. గడిచిన నెలలో రెండుసార్లు, బాగున్న డిస్కును చచ్చిపోయిందని ప్రకటించింది.

"అంటే బతికున్నోన్ని సచ్చిండని రాస్తున్నదా?"

"అవ్ సార్. ఇప్పటిదాక ఒక్కొక్కన్నే రాసింది."

"మా ఊర్ల పింఛన్ లిస్టు గూడ గిట్లనే ఉంటది," అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆగిపోవడానికి కారణం ఉంది. చెరుకు ఎవరు ముందు నాటితే వాళ్లది ముందు నరకాలి. నాటిన తేదీని బట్టి రైతులకు ఒక వరుస ఉంటుంది. దాన్ని అక్కడ సీరియల్ అంటారు. సీరియల్ వచ్చినవాళ్లకే కోత పర్మిట్. పర్మిట్ ఉన్న బండికే గేటు తెరుచుకుంటుంది. నెల ఆలస్యమైతే పొలంలోనే చెరుకు బెండు పడుతుంది, బరువు తగ్గుతుంది. అందుకని పైవాడు కిందికి, కిందివాడు పైకి జరిగాడంటే ఎవడో ఎవడి చెయ్యో తడిపాడనే అనుకుంటారు. అంతకుముందు సీరియల్ ఎర్ర బట్ట అట్టల రిజిస్టర్లలో ఉండేది. ఆ ఏడే మేనేజర్ రిజిస్టర్లు బంద్ పెట్టించాడు. సీరియల్ మొత్తం సర్వర్‌లోనే.

"ముప్పై ఏండ్లల్ల సీరియల్ అమ్ముకున్నడని నన్ను ఒక్కడు అనలే తమ్మీ," అన్నాడు పెద్దసారు. "గిది గిన పోతే, మిషన్ల పోయిందయ్యా అంటే నమ్ముతరా? ముసలోడు పొయ్యేముందు దులుపుకొని పోయిండు అంటరు. ఇంటికాడ కూసున్నంక గూడ అంటనే ఉంటరు."

"ముందుగాల టేపులు సూద్దాం సార్," అన్నాను.

ఏ ఫర్మ్‌వేర్ ముట్టుకునే ముందైనా బ్యాకప్ ఉండాలి. ఉందని ఎవరో చెబితే చాలదు, కళ్లతో చూడాలి. పెద్దసారు ఉత్సాహంగా లేచి ఉక్కు బీరువా తెరిచాడు. తువ్వాలలో చుట్టిన ఐదు చిన్న టేపులు తీశాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కోదాని మీద అందమైన చేతిరాత, దసరా పూజలో పెట్టిన కుంకుమ బొట్టు. ఇంత శ్రద్ధగా చూసుకున్న టేపుల్ని జిల్లాలో నేనెక్కడా చూడలేదు. ఒకదాన్ని తిప్పి చూశాను. తర్వాత రెండోది. ఐదింటి అంచునా ఉండే చిన్న ప్లాస్టిక్ తలుపు పక్కకు జరిపి ఉంది.

"ఈ చిన్న తలుపు ఎవరు జరిపిండ్రు సార్?"

"నేనే. ఎండకాలంల ఒకడచ్చి గీ టేపు మీద ఏవో ఆటలు ఎక్కించి అంత చెరిపిండు. గందుకే తాళం పెట్టిన. ఇగ దీని మీద రాసుడు ఎవ్వని తరం గాదు."

"సర్వర్ తరం గూడ గాలేదు సార్."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ ఆ గదిలో ఇంకెవరూ లేరు.

"టేపు మీద రాయనిస్తలేదు కదా, అందుకని బ్యాకప్ ఎక్కుతలేదు. రోజు పొద్దుగాల తెర మీద ఎర్ర పెట్టె ఏమన్న వస్తదా?"

"వస్తది. ఎంటర్ గొడ్తే పోతది."

చదివి చూస్తే టేపుల మీద ఉన్నది వానాకాలానికి ముందరి సరుకు. వానల్లో ఫీల్డుమన్లు బురదలో పొలాలన్నీ తిరిగి సరిచేసుకొచ్చిన తేదీలు ఏ టేపు మీదా లేవు. బతికున్న డిస్కుల్ని చంపే కార్డు దయ మీద ఉన్నాయి.

పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు. ఊరికే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎర్ర పెట్టెను రోజు నేనే కొట్టి పడగొట్టిన," అన్నాడు.

"నిన్నటిదాక సర్వర్ బతికే ఉన్నది కద సార్. ఈ పూట గూడ ఉంటె సాలు."

టేపుల తాళాలు తీసి కొత్త బ్యాకప్ మొదలుపెట్టాను. మూడున్నర గంటలు పట్టింది. ఆ మూడున్నర గంటలూ ఆయన ఎదురుగా కూర్చుని టేపు డ్రైవు దీపాన్నే చూశాడు. తర్వాత ఆ టేపు నిజంగా చదువుతుందో లేదో చూడాలి. మూలకు ఒక స్పేర్ సర్వర్ ఉంది. దాని మీద ఆయన టిఫిన్ డబ్బా, పాత క్యాలెండర్లు ఉండేవి. డబ్బా దించి, దుమ్ము దులిపి, టేపులోని వివరాలు అందులో ఎక్కించాను. సీరియల్ తెరుచుకుంది. మొదటి పేరు, చివరి పేరు, మధ్యలో నాలుగు పేర్లు ఆయనే చూసి తలూపాడు. అచ్చు వేసి పెట్టుకుందామంటే ప్రింటర్ కాగితం సీజన్ సరుకుతో గానీ స్టోర్సుకు రాదట.

సాయంత్రం నాలుగు దాటింది. ఏ పనైనా ముందు పోయినా పర్లేదన్న దాని మీద చేసి చూడాలి. స్పేర్‌లోనూ అదే కార్డు. మొదటి ఫ్లాపీ ఎక్కింది. రెండోది పెట్టాను. తెర మీద అంకె పెరగడం మొదలైంది. యాభై. అరవై. పెద్దసారు చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు. అంకె అరవై ఎనిమిదికి వచ్చింది. తెర నల్లబడింది. గది మొత్తం నిశ్శబ్దమైంది.

అసలు సర్వర్ కూడా ఆగిపోయింది. దాని మీద అప్పుడు ఏ పనీ లేదు కాబట్టి మళ్లీ పెడితే లేస్తుంది. స్పేర్ సంగతి వేరు. దానికి అప్పుడు బుద్ధి మూడింట రెండు వంతులే ఉంది.

నేను లేవక ముందే తలుపు తీసుకుని ఎలక్ట్రీషియన్ మిస్త్రీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చెవి మీద టెస్టర్. ముఖం వెలిగిపోతోంది.

"బేఫికర్ ఉండు భాయ్. మీ కంప్యూటర్లు రెండూ బచాయించిన."

"దేన్నుంచి అన్నా?"

"టర్బైన్ ట్రయల్ గద! సర్కారు కరెంటు తీసి మా సొంత కరెంటు మీదికి ఎక్కిస్తున్నం. మారంగనే ఒక ఝట్కా ఉంటది. గందుకే ముందుగాలనే యూపీఎస్ బంద్ జేసిన. మూడు సీజన్ల సంది జేస్తున్న, ఒక్క పేటీ కాలలే."

యూపీఎస్ ఆ గదిలో లేదు. దాని రొద పెద్దసారుకు తలనొప్పి అని ఎప్పుడో బయటి వరండాలో పెట్టించారు. మిస్త్రీ లోపలికి తొంగి చూడాల్సిన పనే లేకుండా, ఝట్కాల నుంచి కాపాడడానికే పెట్టిన పెట్టెను, ఝట్కా నుంచి కాపాడడానికి ఆర్పేశాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. ప్రతి సీజన్‌కూ చేసే పనే చేశాడు. మానమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన టీమ్‌ను నేనే.

స్పేర్‌కు స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. ఇంకేమీ కాలేదు.

"ఏమైంది?" అన్నాడు మిస్త్రీ.

"దీని పని అయిపోయిందన్నా."

"నేను ఝట్కా గూడ రానియ్యలేదే!"

ఫ్యాక్టరీ ఫోన్ నుంచి హైదరాబాద్‌లో మా పైఅధికారికి చెప్పాను. స్పేర్ ఎలా పోయిందని అడిగాడు. "ప్రేమతోని సార్," అన్నాను. కొత్త కార్డు రావడానికి వారం పడుతుందన్నాడు. అసలు సర్వర్ సంగతి నువ్వే చూసుకో, జాగ్రత్త అని పెట్టేశాడు. జాగ్రత్త అన్నది ఆయన ప్రతి ఫోన్ చివర అనే మాట. మనం ఉంటాను అన్నట్టు.

చివరి బస్సుకు నిజామాబాద్ వెళ్లి, పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చాను. నిద్ర రెండు బస్సుల్లోనే. పెద్దసారు నాకంటే ముందే వచ్చి, సర్వర్ ముందు స్టూలు వేసుకుని ఉన్నాడు.

"తమ్మీ, మూడో దానికి పసుప్పచ్చ దీపం ఎలుగుతున్నది."

మళ్లీ ఒక డిస్కును చంపింది. ఒక డిస్కు పడి ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ ముట్టుకోకూడదు. ఆ మాట మాత్రం పెద్ద అక్షరాల్లోనే రాశారు. డిస్కును తీసి మళ్లీ కూర్చోబెట్టి, తక్కిన నాలుగింటి నుంచి దాన్ని నింపడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా పడుతుంది. ఆలోగా ఇంకో డిస్కు పడిపోతే అంతే.

ఉన్న సంగతి ఆయన ముందు పెట్టాను. పర్మిట్లు ఎల్లుండి మొదలు. ఒకసారి మొదలైతే సీజన్ అయ్యేదాకా సర్వర్ ఆపే వీలుండదు. ఇలాగే నడిపిస్తే ఏ రోజు రెండు డిస్కులు పోతాయో తెలియదు. మారుస్తుండగా చెడితే సీరియల్ టేపులో భద్రంగానే ఉంటుంది, కానీ ఆ టేపును చదవడానికి ఫ్యాక్టరీలో ఇంకో మిషన్ లేదు. కొత్త కార్డు వచ్చేదాకా వారం రోజులు పర్మిట్లు ఆయన నోటి లెక్కన ఇవ్వాలి.

"నోటి లెక్కన," అన్నాడాయన. "అంటే అమ్ముకున్నట్టే." కొంచెం ఆగి, "నువ్వైతే ఏం జేస్తవ్?" అన్నాడు.

"నేనైతే ఇంటికి పోయి పండుకుంట సార్. కని మీరు అడిగిండ్రు కాబట్టి, మారుస్త. భయపడితే తొమ్మిది నిమిషాలు పడుదాం. నాలుగు నెలలు పడుడు ఎందుకు?"

ఆయన సరే అనలేదు. లేచి వెళ్లి మిస్త్రీని పిలుచుకొచ్చాడు.

డిస్కు నిండడం పన్నెండున్నరకు పూర్తయింది. నిన్నటి తర్వాత మారిన వాటి వరకే ఒక చిన్న బ్యాకప్, పావుగంట. ఏ డిస్కు ఏ అరలో ఉందో తెల్ల ప్లాస్టర్ ముక్కల మీద అంకెలు రాసి అంటించాను. కార్డు అమరికలన్నీ కాగితం మీద దించుకున్నాను. వెర్షన్ మూడుసార్లు చదివాను, మూడుసార్లూ అదే ఉంది. యూపీఎస్ దగ్గరికి ఎవరూ వెళ్లకుండా వరండాలో బెంచీ అడ్డం పెట్టాం. ఇన్ని చేశాక కూడా నాకు మిస్త్రీ మీదే భయం. అందుకని ఆయన్ని తీసుకొచ్చి నా పక్కనే కుర్చీలో కూర్చోబెట్టాను.

"నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దన్నా. గదే నీ పని. టర్బైన్ పేలినా లేవొద్దు."

"టర్బైన్ పేల్తే నేను లేసేదేముంది భాయ్, అదే లేపుతది."

మొదటి ఫ్లాపీ అయింది. రెండోది పెట్టాను. అంకె కదిలింది. ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. యాభైలో ఉండగా బయట ఎక్కడో హారన్ మోగితే మిస్త్రీ అలవాటు కొద్దీ సగం లేచాడు. పెద్దసారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, ఆ చెయ్యి మళ్లీ తియ్యలేదు. అరవై ఎనిమిది దగ్గర అంకె ఆగింది. అరవై తొమ్మిది అయింది. అది అంతకుముందూ ప్రతి అంకె దగ్గర అంతసేపే ఆగింది, నేనే పట్టించుకోలేదు.

వంద అయ్యాక తెర మీద 'మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టండి' అని వచ్చింది. అంతే. మళ్లీ మొదలుపెడితే ఐదు దీపాలూ ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి.

"అయిపోయిందా?" అన్నాడు మిస్త్రీ.

"అయిపోయింది."

"గింతేనా? నా సగం డ్యూటీ పాయె," అని వెళ్లిపోయాడు.

నేను సంచి సర్దుతున్నాను. రెండున్నర బస్సు అందుతుంది. పెద్దసారు స్టోరు గదిలోకి వెళ్లి ఒక చిట్టీల కట్ట తెచ్చాడు. చెరుకు నాటినప్పుడు ఫీల్డుమన్ రాసి, రైతుతో వేలిముద్ర వేయించుకునే కాగితాలు, వానల్లో దిద్దిన తేదీలతో సహా; అన్ని ఊర్లవీ చేత్తో వరుస కట్టాలంటే నెల పడుతుంది. వర్ని అవతల ఒక్క ఊరివి.

"నమూనాకు గీ ఒక్క ఊరు సూద్దాం. నువ్వు తెర మీద సదువు, నేను చిట్టీ సూస్త."

నా మిషన్ మీద నమ్మకం లేదనుకున్నాను. ఉండాల్సిన అవసరమూ లేదు. కూర్చుని చదివాను. పేరు, తండ్రి పేరు, నాటిన తేదీ. ఆయన "ఊఁ" అన్నప్పుడల్లా తర్వాతి పేరు. ఇరవై దాకా ఊఁలు వరుసగా వచ్చాయి. ఒక ఆడమనిషి పేరు దగ్గర రాలేదు.

"మల్ల సదువు."

చదివాను. తెర మీద జనవరి. ఆయన చేతిలోని చిట్టీ మీద డిసెంబరు మొదటి వారం. నెల రోజుల తేడా. అంటే ఆమె చెరుకు సీరియల్‌లో ఎంతో కిందికి పడిపోయి ఉంది. ఫర్మ్‌వేర్ మారిస్తే తేదీలు మారవు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నిన్న చేసిన బ్యాకప్‌ జాబితా తెరిచి చూశాను. వానాకాలం ముందరి టేపు కూడా పెట్టి చూశాను. రెండింట్లోనూ జనవరే.

పెద్దసారు చిట్టీ వెనక్కి తిప్పాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించినవారు సంతకం పెట్టే చోట ఆయన సంతకమే ఉంది.

"నేనే తప్పు ఎక్కించిన," అన్నాడు.

ఎప్పుడూ జోకులేసేవాణ్ని, అప్పుడు మాత్రం నిజంగానే చెప్పాను. "సార్, నా మీద రాయుండ్రి. నిన్న కరెంటు పోయింది, స్పేర్ పోయింది, అందరికి తెలుసు. మిషన్ల తారుమారైందంటే ఎవ్వరూ ఏం అడగరు. నేను రేపట్నుంచి ఇక్కడ ఉండేటోన్ని గాదు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించాడన్న సంగతి దాచలేదు.

"మిషన్ ఒక్క తేదీ మార్చిందంటే, మిగిలిన తేదీలు ఎవడు నమ్ముతడు తమ్మీ? ప్రతోడు అచ్చి నాది గూడ మారిందంటడు. గుమాస్తా ఒక్కటి తప్పు రాసిండంటే ఒక్కటే తప్పు." కలం మూత తీశాడు. "ఒక్కటే ఉంటె."

తెల్ల కాగితం మీద తప్పు ఏమిటో, ఎవరు చేశారో, ఏ తేదీ సరైనదో రాసి సంతకం పెట్టాడు. నోటీసు బోర్డుకు ఒక నకలు, ఆ ఊరి ఫీల్డుమన్‌కు ఒకటి. నేను తేదీ సరిచేసి ఆయన చూస్తుండగా సేవ్ చేశాను. ఆమె పేరు పైకి వెళ్లింది. ఆమె వెళ్లినందుకు ఎంతోమంది ఒక్కో మెట్టు దిగారు. రేపు వాళ్లంతా ఆ బోర్డు ముందు నిలబడి ఈయన్ని ఏమంటారో మా ఇద్దరికీ తెలుసు.

ఊరు పూర్తయ్యేసరికి మూడున్నర. ఇంకో తప్పు దొరకలేదు. నేను లేచాను. పెద్దసారు నన్ను దాటుకుని స్టోరు గదిలోకి వెళ్లి, ఈసారి కట్ట కాదు, గోనె సంచి ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అన్ని ఊర్లా సార్?"

"ఎల్లుండి పర్మిట్లు. రేపు ఒక్క దినం ఉన్నది."

"నాకు ఆఖరి బస్సు ఏడింటికి."

"ఏడు గొట్టనీ," అని సంచి మూతి తాడు విప్పి మొదటి కట్ట తీశాడు. నిద్ర లేని కళ్లతో తెర మీది అక్షరాలు నాకు రెండేసి కనబడుతున్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"సదువు," అన్నాడు. చదివాను.